స్ప్లెండర్‌కి సొంతంగా లగేజీ ఫ్రేము: వెనకాల మనిషి ఉండగా 30 కేజీల సామాను ఎక్కడ పెట్టాలి?

నరసన్నపేట_వైండర్

నమస్కారం అండీ. బోరు మోటార్లు, స్టార్టర్లు రిపేరు చేసే పని మాది. బండి స్ప్లెండర్ ప్లస్, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. నరసన్నపేట నుంచి జలుమూరు, సారవకోట, పోలాకి వైపు రోజూ తిరుగుడే. అందులో సగం కంకర రోడ్లు, పొలం గట్లు.

సామాను ఇది: ఇనప పనిముట్ల పెట్టె 14 కేజీలు, కేబుల్ చుట్ట 8, పైపు రెంచీలు, తాడు, చిల్లర సామాను కలిపి ఇంకో 8. మొత్తం 30. నేను 68 కేజీలు, వెనకాల కూర్చునే కుర్రాడు 52. వాడు లేకపోతే బోర్లోంచి పైపులు లాగడం అవ్వదు.

ఇప్పుడు పెట్టెని సీటు చివర తాడుతో కడుతున్నాం. గతుకు వచ్చినప్పుడల్లా పక్కకి జారుతోంది, 50 దాటితే హ్యాండిలు ఆడుతోంది. వెల్డింగ్ ఆయన బండి ఛాసీకే రెండు యాంగిల్ ముక్కలు అంటించేస్తానంటున్నాడు. ఇనప కొట్లో ముప్పావు అంగుళం చదరం పైపు, 18 గేజీ చాలంటున్నారు. ఏ పైపు, ఎక్కడ బిగించాలి, ఎంత బరువు దాకా ఆగుతుంది? కొలతలతో చెప్పగలరు.

పాత_పానా

ముందు ఛాసీకి వెల్డింగ్ మాట మర్చిపోండి. ఆ గొట్టాలు పల్చన. అంటించిన చోట పక్కనే ఇనుము వేడికి గుణం మారి, నాలుగు నెలల గతుకులకి సన్నగా చీలిక పడుతుంది. అది రంగు కింద కనబడదు. ఫ్రేము విరిగితే కొత్తది చేసుకోవచ్చు, ఛాసీ విరిగితే బండే పోతుంది. ఏ ఫ్రేమైనా నట్టు బోల్టులతోనే బిగియ్యాలి, పానా పట్టుకుంటే పది నిమిషాల్లో ఊడిరావాలి.

ఇంక హ్యాండిలు ఎందుకు ఆడుతోందో చూడండి. స్ప్లెండర్ ప్లస్‌కి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 1236 మిల్లీమీటర్లు. మీ 30 కేజీలూ వెనక ఇరుసుకి 30 సెంటీమీటర్లు వెనక్కి వేలాడితే, 30ని 0.30తో గుణించి 1.236తో భాగించండి: 7.3 వస్తుంది. అంటే ముందు చక్రం మీద ఉన్న బరువులో 7 కేజీలు పైకి లేచిపోయింది, వెనక చక్రం మీద 30 బదులు 37 పడింది. పైగా అంతా సీటు ఎత్తున ఉంది. ముందు తేలిక, వెనక బరువు, ఎత్తు. హ్యాండిలు ఆడక ఏం చేస్తుంది? అదే బరువు రెండు పక్కలా, ఇరుసుకి సూటిగా పైన, చక్రం మధ్య ఎత్తుకి దగ్గరగా పెడితే ముందు చక్రం నుంచి పోయేది దాదాపు సున్నా. కావిడిలా రెండు వైపులా సమంగా ఉండాలి, తేడా 2 కేజీలు మించకూడదు. మీ లెక్కలో ఒక పక్క పెట్టె 14, ఇంకో పక్క కేబుల్, రెంచీలు కలిపి 14 దాకా, బాగానే కుదురుతుంది.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. 100 సీసీ బళ్ళకి కంపెనీ చెప్పే మోత 130 కేజీల చుట్టుపక్కల ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఒకసారి చూడండి. మీరిద్దరే 120. ఫ్రేము 4 కేజీలు. మిగిలింది 6. ఎంత మందపు పైపు వేసినా ఈ లెక్క మారదు. పైపు ఆగుతుంది, స్పోకులు, షాకబ్జర్లు, వెనక డ్రమ్ము ఆగవు. కాబట్టి కుర్రాడు ఎక్కిన రోజు తేలిక సంచి, ఎక్కని రోజు మొత్తం సామాను. లేదంటే కేబుల్ చుట్ట, రెంచీలు పని ఉన్న ఊళ్ళో ముందే దింపుకోవాలి.

ఇనపకొట్టు_సంగతులు

పైపు గురించి నా మాట. గుండ్రటి ఎమ్మెస్ (మామూలు మెత్తటి ఉక్కు) పైపు, 5/8 అంగుళం (సుమారు 16 మిల్లీమీటర్లు), 16 గేజీ తీసుకోండి. 16 గేజీ అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. 18 గేజీ అంటే 1.2. చూడ్డానికి తేడా లేదు గాని ఆర్క్ వెల్డింగ్ దగ్గర తెలుస్తుంది: 1.2కి మామూలు రాడ్డు పెడితే బొక్క పడుతుంది, బొక్క పూడ్చడానికి ముద్ద పెడతారు, ఆ ముద్ద పక్కనే విరుగుతుంది.

పాల క్యాన్ల వాళ్ళ బళ్ళు చూసి 10 మిల్లీమీటర్ల ఊచ అడుగుతారు చాలామంది. ఊచ మీటరుకి 617 గ్రాములు. నేను చెప్పిన పైపు మీటరుకి 565 గ్రాముల దగ్గర. తేలికైన ఆ పైపే వంగడానికి ఊచ కంటే నాలుగు రెట్లకి దగ్గరగా ఎక్కువ గట్టి. ఊచతో చేసిన ఫ్రేము విరగదు, నిజమే, కానీ బరువు పెడితే ఊగుతుంది, ఊగే కొద్దీ బోల్టులు వదులవుతాయి.

మీకు కావలసినవి: పైపు 5 మీటర్లు (కొట్లో పొడుగు 6 మీటర్లదే ఇస్తారు, మిగిలింది అడ్డాలకి వాడండి), 25 x 5 పట్టీ 60 సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్ల రేకు అరచెయ్యంత, ఎం8 (8 మిల్లీమీటర్ల మర) బోల్టులు తల మీద 8.8 అని ఉన్నవి 8, నైలాన్ నట్టులు 8, వెడల్పు వాషర్లు 16. పైపు, పట్టీ కలిపితే నాలుగు కేజీల లోపే. కిలో లెక్కన తూయించుకోండి, ముక్కకింత అని చెప్పే చోట కొనకండి. జీఐ పైపు చవగ్గా వస్తుందని తెచ్చుకోవద్దు. దాని జింకు పూత వెల్డింగ్‌లో తెల్లపొగై లోపలికి పోతే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం, అతుకు కూడా బుడగలు పడుతుంది.

చదరం పైపు తప్పని కాదు. వెల్డింగ్ సులువు, కోత సూటిగా కుదురుతుంది. కాకపోతే వంచడం అవ్వదు, ప్రతి మూలా అతుకే. గుండ్రం పైపు మూలలు వంచుకుంటే అతుకులు సగం తగ్గుతాయి.

పాత_పానా

వంచడం మీద ఒక మాట. కరెంటు పనివాళ్ళ దగ్గర పైపు బెండరు ఉంటుంది, మీ లైనే కాబట్టి దొరుకుతుంది. లేకపోతే ఇసుక పోసి వంచాలి. నాగావళి ఇసుక ఎంతైనా దొరుకుతుంది గాని పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఇసుక నింపి, రెండు చివర్లూ చెక్క బిరడాలు కొట్టి, పొయ్యిలో కాలిస్తే ఆవిరి పుట్టి బిరడా తూటాలా ఎగురుతుంది. మొహం ఆ వైపు పెట్టకండి. వంపు లోపలి వ్యాసార్ధం 5 సెంటీమీటర్లకి తగ్గితే పైపు నొక్కుకుపోతుంది.

బిగింపు చోటు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం, అందరూ తప్పు చేసేదీ అక్కడే. బండి వెనక భాగంలో రెండు రకాల చోట్లున్నాయి: ఛాసీతో పాటు నిలబడేవి, చక్రంతో పాటు ఆడేవి. సెంటరు స్టాండు వేసి, వెనక చక్రం పట్టి పైకి కిందకి ఆడించి చూడండి. షాకబ్జరు కింది బోల్టు, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉండే చెయ్యి), బ్రేకు ప్లేటు ఆడతాయి. కొన్ని బళ్ళకి వెనక ఫుట్‌రెస్టు కూడా స్వింగార్మ్ మీదే ఉంటుంది, అదీ ఆడుతుంది. ఫ్రేము ఒక కాలు పైన ఛాసీకి, ఇంకో కాలు కింద ఆడే చోటికి బిగించారంటే షాకబ్జరు పని అయిపోయినట్టే. గతుకు దెబ్బంతా ఫ్రేము మీద పడుతుంది. వారంలో పట్టీ తెగడమో, ఫుట్‌రెస్టు బోల్టు వంగడమో జరుగుతుంది. అన్ని కాళ్ళూ ఆడని చోట్లకే.

మీ బండికి పక్కకి రెండు చోట్లు దొరుకుతాయి: వెనకాల పట్టుకునే హ్యాండిలు బోల్టులు, షాకబ్జరు పై బోల్టు. షాకబ్జరు పై బోల్టు దగ్గర జాగ్రత్త. పట్టీని వాషరు బయట పెట్టాలి, రబ్బరు బుష్షుకి ఆనించకూడదు. 5 మిల్లీమీటర్ల పట్టీ దూర్చాక నట్టుకి మర తగ్గుతుంది. నట్టు పూర్తిగా ఎక్కి, మర ఒకటి రెండు చుట్లు బయటికి కనబడాలి. టోపీ నట్టు అయితే లోపల ఎంత పట్టిందో తెలీదు, దాని బదులు మామూలు నట్టు వేసి చూసుకోండి. మర చాలకపోతే అక్కడ పట్టీని 3 మిల్లీమీటర్లకి తగ్గించండి, నట్టుని సగం మర మీద వదిలెయ్యకండి.

రెండు చోట్లూ పైనే ఉన్నాయి కదా, కింది అంచు లోపలికీ బయటికీ ఊగుతుంది. అందుకే కుడి ఫ్రేముని ఎడమ ఫ్రేముతో కలుపుతూ, మడ్‌గార్డు వెనకాల నుంచి ఒక అడ్డ పైపు తప్పనిసరి. నంబరు ప్లేటు, లైటు కప్పకుండా దాని కింద నుంచి తిప్పండి. ఇది లేని ఫ్రేములే ఎక్కువ విరుగుతాయి, అందరూ పైపు పల్చనైందని అనుకుంటారు. అడ్డ పైపు రెండు చివర్లూ బోల్టుతోనే, లేకపోతే చక్రం విప్పినప్పుడల్లా ఇబ్బంది.

పక్క ఫ్రేము కొలత 38 సెంటీమీటర్ల పొడుగు, 26 ఎత్తు చాలు. లోపల ఒక ఏటవాలు పైపు వెయ్యండి. కాళ్ళు ఫ్రేముని కలిసే మూలల్లో 3 మిల్లీమీటర్ల రేకు త్రికోణం ముక్కలు. మొత్తం వెడల్పు సామానుతో కలిపి 72 సెంటీమీటర్లు దాటకూడదు. మీ హ్యాండిలు వెడల్పు అంతే, హ్యాండిలు పట్టిన సందులో వెనక భాగం కూడా పట్టాలి.

గంట్యాడ_వెల్డింగ్

పానా గారు చెప్పినవన్నీ సరే. పైపు చివర సుత్తితో చదును చేసి, కన్నం పెట్టి, బోల్టు వేసేస్తుంటారు, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళల్లో పది ఫ్రేముల్లో తొమ్మిది అలాగే ఉంటాయి. చదును ఎక్కడ మొదలవుతుందో అక్కడ పైపు అంచుల్లో వెంట్రుకంత చీలికలు ఉంటాయి, అక్కడే తెగుతుంది. దానికి బదులు పైపు చివర 3 సెంటీమీటర్ల లోతు నిలువు గాడి కోసి, పట్టీ ముక్క దూర్చి, రెండు వైపులా వెల్డింగ్ చెయ్యాలి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఆర్క్ అయితే 2.5 రాడ్డు, 60 నుంచి 75 ఆంపియర్ల మధ్య, ఇంకా సన్నటి 2 మిల్లీమీటర్ల రాడ్డు దొరికితే మరీ మంచిది. పట్టీ వైపు నిప్పు ఎక్కువసేపు ఉంచి, పైపు వైపుకి తుడుస్తున్నట్టు రావాలి. సీఓటూ వెల్డింగ్ (రాడ్డు బదులు గ్యాసు, సన్న తీగతో చేసేది) ఉన్న షాపు దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్ళండి.

కొలత సరిపోవాలంటే బండి మీదే చిన్న చుక్కలు పెట్టి, విప్పి, బల్ల మీద పూర్తి వెల్డింగ్ చెయ్యాలి. చుక్కలు పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఎర్తు క్లిప్పు ఫ్రేముకే తగిలించండి, ఛాసీకి కాదు. పెట్రోలు ట్యాంకు తీసి పక్కన పెట్టడం ఇంకా ఉత్తమం, తడిగుడ్డ కప్పేసి ధైర్యం చెప్పుకునే వాళ్ళ మాట వినకండి. సీటు రెక్సిన్ మీద నిప్పురవ్వ పడితే మీ కుర్రాడు వానాకాలం అంతా తడి సీటు మీద కూర్చోవాలి.

ఒక పక్క అంతా వెల్డింగ్ చేసేసి రెండో పక్క మొదలెడితే ఫ్రేము వంకర తిరుగుతుంది. మూలమూలకీ మార్చుకుంటూ కొంచెం కొంచెం చెయ్యండి. పైపు చివర్లన్నీ రేకుతో మూసెయ్యాలి, కానీ అన్నిటికంటే కింద ఉన్న చోట 3 మిల్లీమీటర్ల కన్నం ఒకటి ఉంచండి. నీరు ఎలాగో లోపలికి పోతుంది, బయటికి దారి లేకపోతే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.

పూసపాటిరేగ_ఒడ్డు

తుప్పు మాట వచ్చింది కాబట్టి. సముద్రం గాలి తగిలే ఊళ్ళకి, చేపల పెట్టెలు మోసే బళ్ళకి రెడ్ ఆక్సైడ్ మీద ఒక చెయ్యి పెయింటు ఒక్క వానాకాలం కూడా ఆగదు. వెల్డింగ్ మీద నల్లటి పెంకు సుత్తితో కొట్టి, వైరు బ్రష్షు పట్టి, థిన్నరుతో నూనె మరక లేకుండా తుడిచి, ఎపాక్సీ ప్రైమరు రెండు చేతులు, ఆ పైన ఎనామిల్ రెండు చేతులు. ప్రైమరు ఆరాలి, డబ్బా మీద ఎన్ని గంటలంటే అన్ని. పట్టీ, వాషరు కలిసే చోట రంగు గీసుకుపోతుంది, బిగించే ముందు అక్కడ గ్రీజు పూత పూసుకోండి.

ఐసు పెట్టె మోసే వాళ్ళు పెట్టె అడుగు కన్నానికి ట్యూబు తగిలించి, చక్రం వెనక్కి నీళ్ళు పడేలా కిందకి దింపాలి. ఉప్పునీళ్ళు రిమ్ము, ఇరుసు, డ్రమ్ము మీద కారితే స్పోకు నిప్పుల్స్ ముందు పోతాయి.

నరసన్నపేట_వైండర్

అందరికీ ధన్యవాదాలు. బరువు లెక్క చూసి కొంచెం బెంగ పెట్టుకున్నాను, కానీ నిజమే. పెట్టెలో ఎప్పుడూ వాడని పనిముట్లు ఏరి పక్కన పెడితే 14 కాస్తా 9 అయింది. కేబుల్ రైతు దగ్గరే కొనిపించవచ్చు.

మూడు అనుమానాలు. కుడి పక్క సైలెన్సరు ఉంది కదా, సంచి కాలదా? షాకబ్జర్లు బిగియ్యాలా? వెనకాల సీటు చివర చిన్న పై స్టాండు కూడా పెట్టుకుంటే పోలీసులు ఆపుతారా?

పాత_పానా

సైలెన్సరుకి సంచికి మధ్య కనీసం 6 సెంటీమీటర్లు ఉండాలి, ఆ సందులో అల్యూమినియం రేకు ఒకటి ఫ్రేముకి బిగించండి. రేకు సంచికి ఆనకూడదు, వెనకాల గాలి ఆడాలి. నైలాన్ సంచి కంటే కేన్వాసు నయం. గతుకులో సంచి ఊగి ఆనుతుందేమో, ఇద్దరూ కూర్చుని గట్టిగా గెంతి చూడండి. అప్పుడే కిక్కు రాడ్డు తగులుతుందా, కుర్రాడి మడమ ఫ్రేముకి కొట్టుకుంటుందా, ఇండికేటరు కనిపిస్తోందా అన్నీ తేలిపోతాయి. ఇండికేటరు సంచి వెనకాల దాగితే దాన్ని అడ్డ పైపు మీదికి మార్చాలి, వైరు పైపుకీ ఛాసీకీ మధ్య నలగకుండా స్లీవ్ తొడగండి.

షాకబ్జర్లకి మెట్లుంటాయి, రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. సామానుతో ఉన్న రోజు ఒకటో రెండో పెంచి, ఖాళీగా ఉన్న రోజు తగ్గించుకోండి. వెనక టైరు గాలి ఇద్దరు కూర్చున్నప్పటి అంకె పుస్తకంలోనో, చైను కవరు స్టిక్కరు మీదో ఉంటుంది, అదే పెట్టండి. టైరు పక్కన కోడు కూడా చూడండి. 2.75-18 టైరు మీద 48 అని ఉంటే ఆ టైరు 180 కేజీలు మోస్తుంది, 80/100-18 మీద 54 అని ఉంటే 212. బండి బరువులో వెనక వాటా కూడా ఇందులోనే పోతుందని గుర్తుంచుకోండి. బరువుతో కూర్చున్నాక చైను బిగుతు మళ్ళీ చూడాలి. వెనక దిగితే హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది, దాన్నీ కొంచెం దించుకోండి, లేకపోతే ఎదురొచ్చేవాడికి మీరే అడ్డం.

పక్క సంచి ఒక్కటే దింపి సైడు స్టాండు మీద వదిలితే బండి పడుతుంది. ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ సెంటరు స్టాండే.

ఇనపకొట్టు_సంగతులు

పోలీసుల మాట నేను చెప్తాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఉంది: వెనకాల కూర్చునేవాళ్ళకి పట్టుకునే హ్యాండిలు, ఫుట్‌రెస్టు, వెనక చక్రం సగం కప్పే రక్షణ ఉండాలి. అంటే శారీ గార్డు పీకేసి ఫ్రేము పెట్టకూడదు. చాలామంది అదే చేస్తారు, వెనకాల ఆడవాళ్ళు కూర్చుంటే చీర కొంగు, సంచి తాడు రెండూ స్పోకుల్లోకే. 2020లో పెట్టె గురించి కొత్తగా చేర్చారు: పొడుగు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టె వెనక మనిషి కూర్చునే చోట పెడితే నడిపేవాడొక్కడే వెళ్ళాలి. మనిషి చోటుకి వెనకాల పెడితే రెండో మనిషి కూర్చోవచ్చు, మొత్తం బరువు కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి.

పై స్టాండు పెడితే అక్కడ వాన కోటు, అన్నం క్యారేజీ లాంటి 3 కేజీల సామాను పెట్టండి. చోటు ఉంది కదా అని నెల తిరిగేసరికి రెంచీలన్నీ అక్కడికే చేరతాయి. చిన్నగా చెయ్యండి, 25 x 20 సెంటీమీటర్లు, పెద్ద పెట్టె పెట్టాలన్నా పట్టకూడదు.

గంట్యాడ_వెల్డింగ్

కట్టడం సంగతి మిగిలిపోయింది. పాత స్కూటరు ట్యూబు నిలువుగా రెండంగుళాల పట్టీలు కోసుకోండి, కొక్కేల సాగే తాడు కంటే నమ్మకం. కొక్కెం ఊడితే కంటికి కొడుతుంది, లేదా స్పోకుల్లోకి పోతుంది. బరువైన పెట్టెకి ట్యూబు ఒక్కటే చాలదు, సాగుతుంది. ముందు నైలాన్ తాడుతో లారీ వాళ్ళ ముడి వేసి బిగించి, దాని మీద ట్యూబు. తాడు మిగిలిన చివరలు నాలుగంగుళాల కంటే ఎక్కువ వేలాడకూడదు. ఎడమ పక్క చైను ఉంది, తాడు చివర పళ్ళ చక్రంలోకి వెళ్తే వెనక చక్రం ఒక్కసారి లాక్ అయిపోతుంది.

సంక్రాంతి ముందు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు చూడండి, ఆ గింజల మీద బరువు బండితో బ్రేకు వెయ్యకండి. గేరు దింపుకుని ఆగండి.

నరసన్నపేట_వైండర్

అర్థమైంది. ఇంకొక్కటి, బోల్టులు ఎంత బిగియ్యాలి? టార్క్ పానా మా దగ్గర లేదు.

పాత_పానా

ఎం8, 8.8 బోల్టుకి 25 న్యూటన్ మీటర్ల దగ్గర. 13 నంబరు రింగు పానా పట్టుకుంటే పిడి 15 సెంటీమీటర్లు ఉంటుంది, దాని చివర 16, 17 కేజీల బలంతో లాగితే అంతే వస్తుంది. త్రాసు కొక్కేన్ని పానా చివర తగిలించి ఒకసారి లాగి చూస్తే చేతికి తెలుస్తుంది. పొడుగు పైపు తొడిగి లాగకండి, బోల్టు మెడ దగ్గర సాగుతుంది. షాకబ్జరు నట్టుకి ఈ లెక్క కాదు, దానిది సర్వీసు మాన్యువల్లో ఉన్న అంకె.

మొదటి 50 కిలోమీటర్లకి అన్నీ మళ్ళీ బిగించండి, రంగు నలిగి వదులవుతాయి. నైలాన్ నట్టు రెండు మూడుసార్లు విప్పాక పట్టు పోతుంది, కొత్తది వెయ్యండి. ప్రతి బోల్టు మీదుగా పట్టీ దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గియ్యండి. గీత తప్పిందంటే నట్టు తిరిగింది, పొద్దున్న పెట్రోలు కొట్టించుకున్నప్పుడు వంగి ఒక చూపు చూస్తే చాలు. అదే చూపులో త్రికోణం ముక్కల పక్కన రంగు మీద సన్నటి తుప్పు గీత కనిపించిందా, ఆ రోజు సామాను ఎక్కించకండి. ఆ గీత కింద చీలిక ఉన్నట్టే.